డిక్లరేషన్, కాన్‌స్టిట్యూషన్, బిల్ ఆఫ్ రైట్స్: అసలు మన హక్కులు వీటిలో దేంట్లో ఉన్నట్టు?

సివిక్స్_తలనొప్పి:

అందరికీ నమస్తే. అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుకుంటున్నా. బట్టీ పట్టడం పెద్ద పనేం కాదు, డిక్లరేషన్ ఆఫ్ ఇండిపెండెన్స్‌లో రెండు హక్కులు చెప్పమంటే లైఫ్, లిబర్టీ అని చెప్పేస్తే అయిపోతుంది. కానీ చదివేకొద్దీ ఒకటి బుర్రకెక్కట్లేదు. 1776లో మనుషులంతా సమానం, వాళ్ళ హక్కులు ఎవరూ లాక్కోలేరు అని అంత గట్టిగా రాసుకున్నవాళ్ళు 1787లో కాన్‌స్టిట్యూషన్ రాసేటప్పుడు ఆ హక్కుల లిస్ట్ ఎందుకు పెట్టలేదండీ? మర్చిపోయారా, కావాలనే వదిలేశారా? మళ్ళీ 1791లో బిల్ ఆఫ్ రైట్స్ అని పది అమెండ్‌మెంట్లు (సవరణలు) తెచ్చి చివర అతికించడం ఏంటి? పదకొండేళ్ళ స్వాతంత్ర్యం చూశాక కూడా గుర్తురాలేదంటే నమ్మబుద్ధి కావట్లేదు.

ఇంకో డౌట్, ఇది కాస్త స్వార్థం. ప్రస్తుతం నాది గ్రీన్ కార్డే. ఈ బిల్ ఆఫ్ రైట్స్ నాకు ఇప్పటికే వర్తిస్తుందా, లేక ఓత్ తీసుకున్న రోజు నుంచా? మా ఆయనేమో సిటిజన్లకే అంటాడు, నాకెందుకో అలా అనిపించట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. వికీ చూడమని మాత్రం అనకండి, అది చదివే ఇక్కడికొచ్చా.

పాతకాగితాలు:

మంచి ప్రశ్న. మర్చిపోలేదండీ, అడిగి మరీ కాదనిపించుకున్నారు. ఆ కథ చెప్పేముందు ఒక మాట, డిక్లరేషన్ చట్టం కాదు. కోర్టుకెళ్ళి డిక్లరేషన్ ప్రకారం నా హక్కు పోయింది అంటే ఏ జడ్జీ కేసు వినడు. అది మూడో జార్జి రాజు మీద వేసిన చార్జిషీటు లాంటిది. అందరికీ నోటికొచ్చిన ఆ రెండు వాక్యాల తర్వాత ఉన్నదంతా రాజు చేసిన తప్పుల జాబితానే, మొత్తం 27 ఫిర్యాదులు. మా ఇళ్ళల్లో సైనికుల్ని దించాడు, జ్యూరీ విచారణ లేకుండా చేశాడు, మమ్మల్ని అడక్కుండా పన్నులేశాడు, ఇలా సాగుతుంది. ఓపిగ్గా చదివితే తర్వాత బిల్ ఆఫ్ రైట్స్‌లోకి వచ్చిన వాటిలో కొన్ని అప్పటికే అక్కడ ఫిర్యాదుల రూపంలో కనిపిస్తాయి. ఇంటి యజమాని ఒప్పుకోకుండా సైనికుల్ని దించకూడదనే థర్డ్ అమెండ్‌మెంట్ ఎందుకుందో అర్థంకాక నవ్వుకునేవాళ్ళు ఆ లిస్ట్ ఒకసారి చూడాలి.

ఇక 1787. ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్ళ బెంగ హక్కుల గురించి కాదు, అసలు ప్రభుత్వం నడవట్లేదని. ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అని అంతకుముందున్న ఏర్పాటులో కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాల్ని బతిమాలుకోవాలి, వాళ్ళిస్తే ఇచ్చినట్టు లేకపోతే లేదు. మసాచుసెట్స్‌లో అప్పుల్లో మునిగిన రైతులు తిరగబడితే (షేస్ తిరుగుబాటు, 1786) కేంద్రం చేతిలో దాన్ని ఆపడానికి సైన్యమూ లేదు డబ్బూ లేదు. అందుకని మే నుంచి సెప్టెంబర్ దాకా తలుపులు మూసుకుని కాపలా పెట్టుకుని వాళ్ళు రాసిందంతా ఎవరికి ఎంత అధికారం అన్నదే.

సెప్టెంబర్ 12న, అంటే సంతకాలకి ఐదు రోజుల ముందు, వర్జీనియా నుంచి వచ్చిన జార్జ్ మేసన్ లేచి దీనికి ముందు ఒక హక్కుల పత్రం పెడదాం, రాష్ట్రాల దగ్గర ఇప్పటికే ఉన్నాయి కాబట్టి కొన్ని గంటల్లో రాసేయొచ్చు అన్నాడు. ఈయన ఊరికే అన్న మనిషి కాదు, 1776 జూన్‌లో వర్జీనియా హక్కుల పత్రం ముసాయిదా రాసిందే ఆయన. ఎల్బ్రిడ్జ్ గెరీ ప్రతిపాదించాడు, మేసన్ బలపరిచాడు, ఓటింగ్ పెడితే ఒక్క రాష్ట్రం కూడా ఔననలేదు. కనెక్టికట్ రోజర్ షెర్మన్ వాదన ఏంటంటే రాష్ట్రాల హక్కుల పత్రాల్ని ఈ కాన్‌స్టిట్యూషన్ రద్దు చెయ్యట్లేదు కదా, అవి చాలు అని. నా లెక్కలో అసలు కారణం అలసట కూడా, ఎండాకాలమంతా కొట్టుకుని ఇంటికెళ్దామని చూస్తున్నవాళ్ళ ముందు ఇంకో చర్చ తెరిస్తే ఎవరు ఒప్పుకుంటారు? మేసన్, గెరీ, ఇంకా ఎడ్మండ్ రాండాల్ఫ్, ముగ్గురూ చివరిదాకా ఉండి సంతకం పెట్టకుండా వెళ్ళారు. పెట్టినవాళ్ళు 39 మంది.

హక్కులు అసలేం లేవని కూడా కాదు. మొదటి రూపంలోనే హేబియస్ కార్పస్ (నిర్బంధించినవాణ్ణి ఎందుకు పట్టుకున్నారో కోర్టు ముందు చెప్పాలనేది) ఉంది, నేరం జరిగాక చట్టం చేసి శిక్షించకూడదని ఉంది, విచారణ లేకుండా చట్టసభే ఒకడిని దోషి అని తేల్చకూడదని ఉంది, ప్రభుత్వ పదవికి మతపరీక్ష పెట్టకూడదని ఉంది, క్రిమినల్ కేసుల్లో జ్యూరీ ఉంది. వాక్‌స్వాతంత్ర్యం, మతస్వేచ్ఛ, సోదాకి వారెంటు, ఇవి లేవు.

అలెగ్జాండర్ హామిల్టన్ దీన్ని సమర్థిస్తూ, కాన్‌స్టిట్యూషన్‌ని ఆమోదించమని రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 84వ దాంట్లో తెలివైన వాదన చేశాడు. పత్రికల్ని అణచే అధికారమే మేం ఇవ్వనప్పుడు అణచకూడదు అని రాయడం దేనికి, అలా రాస్తే రాయనివాటి మీద అధికారం ఉందనే సాకు దొరుకుతుంది అని. వినడానికి బాగుంటుంది కానీ జనం కొనలేదు. కాన్‌స్టిట్యూషన్‌ని ఆమోదించాలా వద్దా అని రాష్ట్రాల్లో ఓటింగ్ పెడితే మసాచుసెట్స్‌లో 187 - 168, వర్జీనియాలో 89 - 79, న్యూయార్క్‌లో 30 - 27, అలా తృటిలో గట్టెక్కింది, అదీ సవరణలు చెయ్యండి అని సిఫార్సులు జత చేసి. నార్త్ కెరొలైనా అయితే హక్కుల పత్రం తెండి చూద్దాం అని 1788లో ఒప్పుకోకుండా కూర్చుంది. డిక్లరేషన్ రాసిన జెఫర్సన్ అప్పుడు ప్యారిస్‌లో ఉన్నాడు, ఆయన కూడా కాన్‌స్టిట్యూషన్ రాయడంలో ముఖ్యుడైన మాడిసన్‌కి ఉత్తరం రాశాడు, హక్కుల పత్రం అనేది భూమ్మీద ఏ ప్రభుత్వం నుంచైనా ప్రజలకి రావాల్సిందే అని.

మాడిసన్‌కి మొదట్లో దీని మీద పెద్ద నమ్మకం లేదు, కాగితం గోడలు మెజారిటీని ఆపలేవు అనేవాడు. ఐతే ఎన్నికలొచ్చాయి. వర్జీనియాలో కాన్‌స్టిట్యూషన్‌ని వ్యతిరేకించిన నాయకుడు పాట్రిక్ హెన్రీ చక్రం తిప్పి ఆయనకి సెనేట్ సీటు రాకుండా చేశాడు, హౌస్‌కి పోటీ చేస్తే ఎదురుగా జేమ్స్ మన్రో. నియోజకవర్గంలో బాప్టిస్టులు మతస్వేచ్ఛ మాటేంటని అడుగుతున్నారు. సవరణలు తెస్తానని మాటిచ్చి 336 ఓట్లతో గెలిచాడు, 1789 జూన్ 8న మాట నిలబెట్టుకున్నాడు. హౌస్ 17 పంపింది, సెనేట్‌తో బేరసారాలయ్యాక 12 రాష్ట్రాలకి వెళ్ళాయి, 1791 డిసెంబర్ 15కి పది నెగ్గాయి. మిగిలిన రెండిట్లో ఎంపీల జీతాలది అలాగే పడుండి పడుండి 1992లో 27వ అమెండ్‌మెంట్ అయింది, రెండొందల ఏళ్ళ పెండింగ్ ఫైలు.

నిప్పులాంటినిజం:

పాతకాగితాలు గారూ చాలా బాగా రాశారు గానీ ఇంత రాసి ఒక్కచోట కూడా బానిసత్వం మాట రాలేదు, అది లేకుండా సివిక్స్ గారి మొదటి ప్రశ్నకి జవాబు సగమే. అందరూ సమానం అని రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. మేసన్ కూడా బానిసల యజమానే. డిక్లరేషన్ చిత్తుప్రతిలో బానిసల వ్యాపారాన్ని రాజు నెత్తిన వేస్తూ జెఫర్సన్ ఒక పెద్ద పేరా రాస్తే కాంగ్రెస్‌లో అది మొత్తం కొట్టేశారు. కాన్‌స్టిట్యూషన్‌లోనేమో బానిస అన్న మాట ఎక్కడా లేకుండా జాగ్రత్తగా చుట్టూ తిప్పి రాశారు, సీట్ల లెక్కకి ఐదుగురు బానిసలుంటే ముగ్గురి కింద జమ, 1808 దాకా బానిసల దిగుమతి ఆపకూడదు, పారిపోయినవాళ్ళని తిరిగి అప్పగించాలి. ఇంత పెట్టుకుని దాని పైన మనుషులందరికీ హక్కులు అని పెద్ద లిస్ట్ రాయడం సౌత్ వాళ్ళకి ఇబ్బందే. సౌత్ కెరొలైనాకి చెందిన చార్లెస్ కోట్స్‌వర్త్ పింక్నీ తర్వాత తమ రాష్ట్రంలో చెప్పిన మాట అదే, హక్కుల పత్రాలు మామూలుగా మనుషులంతా స్వేచ్ఛగా పుట్టారు అని మొదలవుతాయి, మన ఆస్తిలో పెద్ద భాగం మనుషులే అయినప్పుడు ఆ మాట మన నోట్లోంచి ఎలా వస్తుంది అని. కనీసం దాచుకోలేదు!

ఇంకా ఘోరం చెప్పనా, స్వేచ్ఛ కోసం కోర్టుకెళ్ళిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో, 1857 తీర్పులో చీఫ్ జస్టిస్ టానీ ఇదే బిల్ ఆఫ్ రైట్స్‌లోని ఫిఫ్త్ అమెండ్‌మెంట్‌ని యజమాని పక్కన వాడాడు, బానిస ఆస్తి కాబట్టి ఆ ఆస్తిని లాక్కోకూడదని. హక్కుల పత్రం రాసుకోగానే మనిషికి రక్షణ వచ్చేస్తుంది అనుకునేవాళ్ళకి ఈ ఒక్క కేసు చాలు.

పాతకాగితాలు:

ఒప్పుకుంటా, అది కలపాల్సిందే. ఐతే అదే డిక్లరేషన్‌ని తర్వాత బానిసత్వానికి ఎదురు నిలబడినవాళ్ళు ఆయుధంగా వాడుకున్నారు కదా. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జూలై 5న రోచెస్టర్‌లో మీ జూలై 4 బానిసకి ఏమవుతుంది అని ముఖం మీద అడిగాడు, అదే ప్రసంగంలో కాన్‌స్టిట్యూషన్‌ని మాత్రం స్వేచ్ఛా పత్రం అన్నాడు. పారేయమనలేదు, దాని ప్రకారం నడుచుకోమన్నాడు.

కోర్టుపక్షి:

పై ఇద్దరూ 1791 చుట్టూనే తిరుగుతున్నారు, అసలు మలుపు అక్కడ లేదు. సివిక్స్ గారూ, బిల్ ఆఫ్ రైట్స్ వచ్చాక కూడా అది ఎవరి చేతులు కట్టేసిందో చూడండి, ఫెడరల్ ప్రభుత్వం చేతులు మాత్రమే. వాక్‌స్వాతంత్ర్యం, మతస్వేచ్ఛ ఉన్న ఫస్ట్ అమెండ్‌మెంట్ మొదలవడమే కాంగ్రెస్ ఫలానా చట్టం చెయ్యకూడదు అని. మీ రాష్ట్రం, మీ సిటీ, మీ షెరీఫ్, వీళ్ళ జోలికి అది వెళ్ళలేదు. మాడిసన్ రాష్ట్రాల్ని కూడా కట్టేద్దామని ఒక సవరణ పెట్టాడు, అన్నిట్లోకి ఇదే విలువైంది అని మొత్తుకున్నాడు, హౌస్ ఒప్పుకుంది, సెనేట్ తీసేసింది.

దాని ఫలితం ఏంటో బాల్టిమోర్‌లో జాన్ బారన్ అనే ఆయనకి తెలిసొచ్చింది. ఈయనకి రేవులో ఓడలు ఆగే ఒక వార్ఫ్ ఉంది, లోతు బాగా ఉండటం వల్ల మంచి గిరాకీ. సిటీ వాళ్ళు రోడ్లు వేస్తూ వాగుల్ని దారి మళ్ళించారు, వానలొచ్చినప్పుడల్లా ఇసుకా మట్టీ కొట్టుకొచ్చి సరిగ్గా ఆ వార్ఫ్ ముందు మేట వేసింది, కొన్నాళ్ళకి ఓడ వచ్చే లోతే లేదు. వ్యాపారం పోయింది. కౌంటీ కోర్టు 4,500 డాలర్లు ఇమ్మంది, పై కోర్టు అది కొట్టేసింది, ఈయన సుప్రీంకోర్టుకెళ్ళి ఫిఫ్త్ అమెండ్‌మెంట్ ప్రకారం ప్రైవేటు ఆస్తి తీసుకుంటే పరిహారం ఇవ్వాలి కదా అన్నాడు. 1833లో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ తీర్పు: ఆ అమెండ్‌మెంట్ ఫెడరల్ ప్రభుత్వానికి, సిటీకి కాదు, ఈ కేసు మా పరిధిలోకే రాదు. అంతే, పైసా రాలేదు. అంటే బిల్ ఆఫ్ రైట్స్ వచ్చి నలభై ఏళ్ళు దాటాక కూడా రోజూ మనిషికి ఎదురయ్యే ప్రభుత్వం మీద అది చెల్లదు.

ఫెడరల్ వాళ్ళైనా పాటించారా అంటే అదీ డౌటే. 1798లో, అంటే వాక్‌స్వాతంత్ర్యం రాసుకున్న ఏడేళ్ళకే, సెడిషన్ యాక్ట్ అని తెచ్చి ప్రెసిడెంట్‌ని, కాంగ్రెస్‌ని తిడితే జైలన్నారు. వెర్మాంట్ ఎంపీ మాథ్యూ లయన్ ప్రెసిడెంట్ ఆడమ్స్‌ని విమర్శించినందుకు నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. జైల్లో ఉండగానే మళ్ళీ ఎన్నికయ్యాడు, వెర్మాంట్ జనం ఇచ్చిన తీర్పు అన్నమాట. ఆ చట్టాన్ని ఏ కోర్టూ కొట్టేయలేదు, 1801లో గడువు అయిపోయి పోయింది.

మారింది సివిల్ వార్ తర్వాత. 1868లో 14వ అమెండ్‌మెంట్, ఏ రాష్ట్రమూ సరైన న్యాయప్రక్రియ లేకుండా ఎవరి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తియ్యకూడదు, చట్టం ముందు సమాన రక్షణ ఇవ్వాలి. నన్నడిగితే అమెరికాలో హక్కులకి సంబంధించి అసలు ఫౌండింగ్ డాక్యుమెంట్ ఇదే. ఐనా ఒక్కసారిగా ఏం జరగలేదు, కోర్టు ఒక్కో హక్కునీ ఒక్కో కేసులో చిల్లర లెక్కపెట్టినట్టు రాష్ట్రాల మీదకి తెచ్చింది. వాక్‌స్వాతంత్ర్యం 1925, అక్రమంగా సోదా చేసి పట్టుకున్న సాక్ష్యం చెల్లదన్నది 1961, తుపాకీ హక్కు 2010, అతి జరిమానాలు వద్దన్నది 2019! ఆ చివరిది ఇండియానాలో ఒకాయన ల్యాండ్ రోవర్ కేసు, నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లైతే 42,000 డాలర్ల బండి పట్టుకుపోయారు.

వీటిల్లో నాకు బాగా నచ్చేది గిడియన్ కేసు. ఫ్లోరిడా పనామా సిటీలో ఒక పూల్ హాల్లో దొంగతనం చేశాడని 1961లో క్లారెన్స్ గిడియన్‌ని పట్టుకున్నారు. లాయర్‌ని పెట్టుకునే డబ్బు లేదు, కోర్టులో లాయర్ కావాలన్నాడు. జడ్జి, మన రాష్ట్రంలో మరణశిక్ష పడే కేసులకే ఇస్తాం బాబూ అన్నాడు. తనే వాదించుకుని ఐదేళ్ళ జైలు తెచ్చుకున్నాడు. జైల్లో కూర్చుని జైలు కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి పిటిషన్ రాశాడు. వాళ్ళు తీసుకున్నారు, 1963లో తొమ్మిది మందీ ఏకగ్రీవంగా ఆయన పక్షాన చెప్పారు, సిక్స్త్ అమెండ్‌మెంట్‌లో లాయర్ హక్కు రాష్ట్రాల్లో కూడా ఉంది, పేదవాడికి ప్రభుత్వమే పెట్టాలని. అసలు మజా ఏంటంటే మళ్ళీ విచారణ జరిగి ఈసారి లాయర్ ఉండేసరికి సాక్షిని అడగాల్సినవి అడిగాడు, జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది.

రాత్రిడ్యూటీ:

గ్రీన్ కార్డ్ ప్రశ్న అందరూ వదిలేశారు, నేను చెప్తా. అక్కా, మీరే కరెక్టు, బావగారికి చెప్పండి. ఫిఫ్త్, ఫోర్టీన్త్ అమెండ్‌మెంట్లు రెండూ రక్షణ ఇచ్చేది వ్యక్తికి, పౌరుడికి అని కాదు. 1886లో యిక్ వో కేసులోనే తేలింది. శాన్ ఫ్రాన్సిస్కోలో చెక్క బిల్డింగుల్లో లాండ్రీ నడపాలంటే పర్మిట్ కావాలని రూల్ పెట్టి, అడిగిన చైనా వాళ్ళు రెండొందల మందికీ లేదన్నారు, మిగతావాళ్ళకి దాదాపు అందరికీ ఇచ్చారు. రూల్ కాగితం మీద అందరికీ ఒకటే, అమలు మాత్రం ముఖం చూసి. సుప్రీంకోర్టు అది చెల్లదంది, వాళ్ళు చైనా పౌరులే ఐనా సరే.

కాబట్టి పోలీసు మీ ఇంటికొస్తే వారెంటు అడగొచ్చు, అరెస్టయితే నోరు మూసుకుని కూర్చునే హక్కుంది, క్రిమినల్ కేసైతే లాయర్ హక్కుంది. సిటిజన్లకి మాత్రమే అంటే ముఖ్యంగా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు, కాంగ్రెస్ లాంటి పదవులు. కానీ జాగ్రత్త, డిపోర్టేషన్ సివిల్ వ్యవహారం కింద లెక్క, అక్కడ గిడియన్ లాయర్ రాడు, మన ఖర్చుతో మనమే పెట్టుకోవాలి. డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో) ఫారం నింపేటప్పుడు పొరపాటున సిటిజన్ అని టిక్ పెట్టి ఓటరుగా నమోదైతే కేసు మొత్తం చెడిపోతుంది, ఆ ఒక్కటీ మాత్రం రెండుసార్లు చూసుకోండి.

ఇంకోటి, మనవాళ్ళకి ఇక్కడ సిటిజన్‌షిప్ కూడా ఊరికే రాలేదు. భగత్ సింగ్ థిండ్ అని అమెరికా ఆర్మీలో పనిచేసినాయన, 1923లో సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాదు కాబట్టి చట్టం ప్రకారం సిటిజన్ కాలేడంది. అప్పటికే సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళవి కూడా కొందరివి రద్దు చేశారు. 1946లో చట్టం మారితేనే మనకి దారి తెరుచుకుంది.

సివిక్స్_తలనొప్పి:

అబ్బా, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. మా ఆయనకి యిక్ వో చదివి వినిపించా, ప్రస్తుతానికి మౌనంగా ఉన్నారు. రెండు చిన్న డౌట్లు. ఫేస్‌బుక్‌లో రాజకీయం రాసినందుకు మా ఫ్రెండ్‌ని కంపెనీ తీసేసింది, మరి వాక్‌స్వాతంత్ర్యం ఏమైనట్టు? ఇంకోటి మా పాప స్కూల్లో ఫ్లాగ్ ముందు ప్లెడ్జ్ చెప్పాల్సిందేనా? సిటిజన్ కాని పిల్లలు చెప్పకపోతే ఏమైనా అంటారా?

కోర్టుపక్షి:

కంపెనీ ప్రభుత్వం కాదు కదండీ. 14వ అమెండ్‌మెంట్ రాష్ట్రాల చేతులు కట్టింది గానీ ప్రైవేటు వాళ్ళవి కాదు. కొన్ని రాష్ట్రాల్లో ఉద్యోగి రాజకీయాలకి విడిగా చట్టాలున్నాయి, అవి చూసుకోవాలి, ఫస్ట్ అమెండ్‌మెంట్ పేరు చెప్తే మాత్రం ఆ కేసు నిలవదు.

ప్లెడ్జ్ సంగతి వేరు, గవర్నమెంట్ స్కూలైతే అది ప్రభుత్వమే. 1940లో సుప్రీంకోర్టు 8 - 1తో జెండాకి సెల్యూట్ చెయ్యని పిల్లల్ని స్కూలు తీసేయొచ్చంది. ఆ పిల్లలు జెహోవా సాక్షులు, దేవుడికి తప్ప దేనికీ మొక్కకూడదని వాళ్ళ నమ్మకం. ఆ తీర్పొచ్చాక దేశంలో చాలాచోట్ల వాళ్ళ మీద దాడులు జరిగాయి. మూడేళ్ళకే, యుద్ధం జోరుగా నడుస్తున్న 1943 జూన్ 14న, అది ఫ్లాగ్ డే కూడా, వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన బార్నెట్ కేసులో అదే కోర్టు 6 - 3తో తన తీర్పు తనే తిరగేసింది. మీ పాప చెప్పక్కర్లేదు, సిటిజనైనా కాకపోయినా. టీచర్ బలవంతం చేస్తే ప్రిన్సిపల్‌కి ఈ కేసు పేరు చెప్పండి చాలు. ప్రైవేటు స్కూలైతే మళ్ళీ మొదటి పేరా.

నిప్పులాంటినిజం:

హామిల్టన్ భయం సంగతి ఎవరూ తేల్చలేదు. లిస్ట్ రాస్తే లిస్ట్‌లో లేనివి లేవనేస్తారు అన్నాడు కదా, అలాగే జరిగిందిగా చివరికి?

పాతకాగితాలు:

మాడిసన్ ఆ మాటకి జవాబుగానే నైన్త్ అమెండ్‌మెంట్ పెట్టాడు, ఇక్కడ రాసినవి తప్ప ప్రజలకి ఇంకేవీ లేవని అర్థం చెప్పకూడదు అని. కానీ కోర్టులు దాన్ని ముట్టుకున్నది తక్కువ. 1965లో గ్రిస్వోల్డ్ కేసులో భార్యాభర్తలు గర్భనిరోధకాలు వాడుకోవడం వాళ్ళ సొంత విషయం అని చెప్తూ ఎత్తారు. 2022లో డాబ్స్ తీర్పు అబార్షన్ హక్కు తీసేస్తూ లిస్ట్‌లో లేని హక్కుకి చరిత్రలో లోతైన వేర్లు ఉండాలంది. అంటే మీ ప్రశ్నకి జవాబు హామిల్టన్ సగం గెలిచాడని. పోనీ లిస్టే లేకపోతే? బార్నెట్ కేసులో ఆ పిల్లల తరఫున లాయర్ ఏ వాక్యం చూపించి నిలబడేవాడు?

రాత్రిడ్యూటీ:

అక్కా, ఇంటర్వ్యూలో బిల్ ఆఫ్ రైట్స్ అంటే ఏంటి అని అడిగితే మొదటి పది అమెండ్‌మెంట్లు అని చెప్పి ఆపండి. బారన్ వార్ఫ్, ఇసుక మేట ఇవన్నీ ఎత్తారంటే ఆఫీసర్‌కి లంచ్ పోతుంది.